పారవేసే ఉన్నితో పనికివచ్చే ఆసనం: ఇంటి వద్దనే ఫెల్టు తయారీ

దక్కను మెట్టప్రాంతపు సరిహద్దు పల్లెలలో గొర్రెల మంద లేని ఊరు అరుదు. ఏడాదికి రెండుసార్లు ఆ మందలకు ఉన్ని కత్తిరిస్తారు. ఒకప్పుడు కంబళ్ళు నేసేవారు మంద దగ్గరికే వచ్చి ఆ ఉన్నిని కొనుక్కొని పోయేవారు. నేడు అనేక చోట్ల ఉన్ని అమ్మితే వచ్చే సొమ్ము కత్తిరించినవారి కూలికి కూడా చాలడం లేదు. అందుచేత కత్తిరించిన ఉన్ని గుట్టల పక్కన, కంచెల మొదట పడి వానకు కుళ్ళిపోతున్నది. మిల్లు దుప్పట్లు చౌకగా దొరకడం, గుంట మగ్గాల మీద కూర్చొనేవారు తగ్గిపోవడం దీనికి ముఖ్యమైన కారణాలు.

కంబళి నేయడానికి నూలు వడికేవారు కావాలి, చింతగింజల గంజి పెట్టేవారు కావాలి, మగ్గం కావాలి, నేత తెలిసిన చేయి కావాలి. ఇవన్నీ ఒక ఇంటిలో ఉండడం కష్టం. అయితే కదురు, రాట్నం, మగ్గం ఏదీ లేకుండానే ఉన్నిని గుడ్డగా మార్చే పద్ధతి ఒకటి ఉన్నది. అదే ఫెల్టు. వేడినీరు, సబ్బు, ఒక పాత చాప, రెండు జతల చేతులు ఉంటే చాలు. పారవేసే ఉన్నితో ఏ కుటుంబమైనా ఒక పూటలో ఒక ఆసనం చేసుకోవచ్చును.

ఫెల్టు అనగానేమి?

నేయకుండా, అల్లకుండా, ఉన్నిపోగులను తడిపి, రుద్ది, అణచి దళసరి గుడ్డగా చేసినదే ఫెల్టు. ఉత్తర భారతంలో దీనిని నమదా అంటారు. కాశ్మీరులోని శ్రీనగరం, రాజస్థానులోని టోంకు, గుజరాతులోని కచ్ఛ ప్రాంతం నమదాలకు పేరుపొందినవి. మహారాష్ట్ర, ఉత్తర కర్ణాటక ప్రాంతాలలో 'జేన్' అనే పేరుతో ఉన్నిని ఒత్తి పరుపులు చేసే పింజారీ కుటుంబాలు ఉన్నాయి. కనుక ఈ విద్య దక్కనుకు కొత్తది కాదు.

ఉన్నికి ఈ గుణం ఎందుకు కలిగినదో తెలుసుకుంటే పని సులభమవుతుంది. ఉన్నిపోగును సూక్ష్మదర్శినిలో చూస్తే దాని ఒంటినిండా చేప పొలుసుల వంటి పొలుసులు కనిపిస్తాయి. వాటి కొనలన్నీ ఒకే దిక్కుగా ఉంటాయి. వేడినీరు, సబ్బు తగిలినప్పుడు ఈ పొలుసులు కొంచెం విచ్చుకుంటాయి. అప్పుడు రుద్దితే పోగులు ముందుకు జరుగుతాయి, వెనుకకు మాత్రం రాలేవు. ఇట్లా ఒకదానిలో ఒకటి చిక్కుకొని బిగుసుకుంటాయి. ఉన్ని స్వెట్టరును వేడినీటిలో ఉతికితే కుంచించుకొనిపోయి పిల్లవాడికి కూడా చాలకుండా పోవడం చాలామంది చూచినదే. స్వెట్టరు విషయంలో నష్టంగా తోచిన ఆ గుణమే ఫెల్టుకు ఆధారం. నూలుకు, పట్టుకు, నైలానుకు ఈ పొలుసులు లేవు. కనుక వాటితో ఫెల్టు తయారు కాదు.

ఏ గొర్రె ఉన్ని పనికివస్తుంది?

గొర్రెలన్నీ ఉన్నినివ్వవు. కోస్తాలో, రాయలసీమలో విరివిగా కనిపించే నెల్లూరు జాతి గొర్రెకు ఒంటిమీద ఉండేది పొట్టి వెంట్రుకలే. ఒడిశా సరిహద్దులోని గంజాం గొర్రె, తమిళనాడులోని మేచేరి, మద్రాసు ఎర్ర గొర్రె కూడా అటువంటివే. వీటి వెంట్రుకలతో ఫెల్టు చేయబూనడం వృథా శ్రమ.

మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాల మెట్టభూములలో పెరిగే దక్కనీ గొర్రె ఉన్నిజాతి. ఎక్కువగా నల్లగా ఉంటుంది గనుక దీనిని నల్ల గొర్రె అని కూడా పిలుస్తారు. బళ్ళారి, చిత్రదుర్గం, హావేరి ప్రాంతాలలోని బళ్ళారి గొర్రె, ధర్మపురి, సేలం ప్రాంతాలలోని తిరుచ్చి నల్ల గొర్రె కూడా ముతక ఉన్నినిస్తాయి. నీలగిరి కొండలలోని నీలగిరి గొర్రె ఉన్ని వీటన్నిటికంటె మెత్తనిది.

మెత్తదనాన్ని పోగు మందంతో కొలుస్తారు. మెరినో ఉన్నిపోగు మందం సుమారు 18 నుండి 24 మైక్రాన్లు. దక్కనీ ఉన్నిపోగు సగటున 50 మైక్రాన్ల దరిదాపులలో ఉంటుంది. పైగా దక్కనీ ఉన్నిలో నడుమ బోలుగా ఉండే బిరుసు వెంట్రుకలు చాలా కలిసి ఉంటాయి. అవి తొందరగా చిక్కుకోవు. అందువలన ఈ ఉన్ని మెడకు చుట్టుకొనే శాలువకు తగదు, గరుకుగా గుచ్చుకుంటుంది. కాని కూర్చొనే ఆసనానికి, మంచం మీద పరుపు కింద వేసే పరపుకు, గడప ముందు వేసే పట్టకు ఆ గరుకుదనమే బలం. వస్తువును బట్టి ఉన్నిని ఎన్నుకోవలెను గాని, ఉన్నిని నిందించి ప్రయోజనం లేదు.

గొర్రెపిల్లకు మొదటిసారి కత్తిరించిన ఉన్ని తల్లిగొర్రె ఉన్నికంటె మెత్తగా ఉంటుంది, త్వరగా అతుక్కుంటుంది. మొదటి ప్రయత్నానికి అది దొరికితే మిక్కిలి మంచిది. దొరకని పక్షంలో మూడు పాళ్ళు దక్కనీ ఉన్నికి ఒక పాలు నీలగిరి ఉన్ని గాని, మరే మెత్తని ఉన్ని గాని కలిపితే పని తేలికవుతుంది.

ఎక్కడ, ఎట్లా సేకరించాలి?

ఉన్నికి అన్నిటికంటె మంచి చోటు కత్తిరింపు జరిగే మందే. అనేక మందలలో గొర్రెలను ముందు చెరువులోగాని వాగులోగాని కడిగి, ఒళ్ళు ఆరిన తరువాత కత్తెర వేస్తారు. కడిగి కత్తిరించిన ఉన్నిలో మట్టి తక్కువగా ఉంటుంది. కనుక కత్తిరింపు రోజు ఎప్పుడో ముందుగానే కనుక్కొని, ఆ రోజు ఉదయమే వెళ్ళడం మంచిది. కుప్పగా పోసిన తరువాత వెళ్ళితే వీపు ఉన్ని, పొట్ట ఉన్ని, తోక దగ్గరి ఉన్ని అంతా కలిసిపోతుంది.

సరిహద్దు ఊళ్ళలో మందలు ఒక భాషవారివే కావు. కురుబలతో కన్నడంలో మాట్లాడేటప్పుడు ఉన్నిని ఉణ్ణె అనవలెను. ధన్‌గర్‌లు మరాఠీలో లోకర్ అంటారు. తెలుగు గొర్రెలకాపరులు బొచ్చు అంటారు. గొంగడి అన్నా, కంబళి అన్నా, మరాఠీలో ఘోంగడీ అన్నా వస్తువు ఒక్కటే. రెండు భాషలు తెలిసిన ఇంటివారికి ఈ బేరం సులభం. చిత్రదుర్గం జిల్లాలోని చళ్ళకెరె కంబళ్ళకు ప్రసిద్ధి చెందిన పట్టణం. అటువంటి చోట్ల కంబళి నేసేవారిని అడిగితే ఏ మంద ఉన్ని శుభ్రమైనదో చెప్పగలరు.

ఒక గొర్రె నుండి ఒక కోతకు వచ్చే ఉన్ని సాధారణంగా అర కిలోకు లోపే. దుమ్ము, జిడ్డు, ముళ్ళు పోగా తూకం తగ్గుతుంది. శుభ్రమైన ఉన్ని ఒక కిలో కావలెనంటే పచ్చి ఉన్ని కిలోన్నర తీసుకోవడం క్షేమం. ఒక ఆసనానికి 250 గ్రాముల శుభ్రమైన ఉన్ని సరిపోతుంది. ఊరకే పారవేసే ఉన్ని అయినా కాపరికి ఎంతో కొంత ధర ఇచ్చి తీసుకోవడమే న్యాయం. ధర వస్తుందని తెలిస్తే తరువాతి కోతలో ఆయనే వీపు ఉన్నిని విడిగా మూటకట్టి ఉంచుతాడు.

కొనేముందు చిన్న పరీక్ష చేయవలెను. ఒక ఉన్నిపాయను రెండు కొనలూ పట్టుకొని చెవి దగ్గర పెట్టి గట్టిగా లాగాలి. తీగ మీటినట్లు ధ్వని వచ్చి, తెగకుండా ఉంటే మంచిది. నడుమ పుటుక్కున తెగితే, ఆ గొర్రె జబ్బుతోనో మేత లేకనో బాధపడిన కాలంలో పెరిగిన ఉన్ని అది. తడివాసన, బూజువాసన వచ్చినా వదిలివేయవలెను.

తీసుకోకూడని ఉన్ని

ఈ భాగాన్ని అన్నిటికంటె శ్రద్ధగా చదవవలెను. చచ్చిన గొర్రె ఉన్నిని ఎట్టి పరిస్థితిలోనూ తీసుకోరాదు. దొమ్మ రోగంతో, అనగా ఆంత్రాక్స్‌తో చచ్చిన పశువు ఉన్నిలోనూ చర్మంలోనూ ఆ రోగబీజాలు ఏళ్ళ తరబడి బ్రతికి ఉంటాయి. ఇంటిలో కాచే వేడినీటికి, సబ్బుకు అవి చావవు. ఉన్నిని దులిపేటప్పుడు ఊపిరితో లోపలికి పోతే మనిషికి ప్రాణాపాయం. పూర్వం ఇంగ్లండు ఉన్ని మిల్లులలో పచ్చి ఉన్నిని ఏరేవారికి ఈ రోగం తరచుగా వచ్చేది గనుక దానికి 'ఉన్ని ఏరేవారి జబ్బు' అనే పేరే వచ్చింది. రాయలసీమలోనూ కర్ణాటక సరిహద్దు జిల్లాలలోనూ దొమ్మ రోగం అప్పుడప్పుడు తలయెత్తుతూనే ఉన్నది. కనుక ఆ మందలో ఇటీవల గొర్రెలు హఠాత్తుగా చచ్చినవా అని అడిగి, బ్రతికి ఉన్న ఆరోగ్యమైన గొర్రెల నుండి కళ్ళయెదుట కత్తిరించిన ఉన్నినే తీసుకోవలెను. అనుమానం ఉంటే పశువైద్యుని అడుగవలెను.

పేలు, గోమార్లు పోవడానికి మందునీటిలో ముంచిన గొర్రెల ఉన్నిలో ఆ మందు నిలిచి ఉంటుంది. మందు ఎప్పుడు పెట్టినారో కనుక్కొని, ఇటీవలే పెట్టి ఉంటే ఆ కోతను వదిలి తరువాతి కోత తీసుకోవడం మేలు. పచ్చి ఉన్నిని ఏరేటప్పుడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవలెను. పని ముగిసిన తరువాత చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. గర్భిణులు, పసిపిల్లలు పచ్చి ఉన్ని పనికి దూరంగా ఉండడం మంచిది.

ఏరడం, కడగడం

ఉన్నిని ఆరుబయట ఒక గోనెపట్టా మీద పరచి ఏరవలెను. తోక దగ్గర పెంటికలు అంటుకొని గడ్డకట్టిన పాయలను, కాళ్ళ దగ్గరి బిరుసు వెంట్రుకలను తీసివేయవలెను. పల్లేరు కాయలు, తుమ్మముళ్ళు చేతితో తీయవలెను. ఇప్పుడు వదిలిన ఒక్క ముల్లు రుద్దేటప్పుడు అరచేతిలో దిగుతుంది.

ఏరిన ఉన్నిని చన్నీళ్ళలో ఒక రాత్రి నానవేయవలెను. మట్టి, చెమట ఉప్పు నీటిలోకి దిగుతాయి. ఆ నీటిలో పొటాషు ఉంటుంది గనుక మొక్కల పాదులలో పోయవచ్చును. మరునాడు చేయి పెడితే ఓర్చుకోలేనంత వేడిగా నీళ్ళు కాచి, కుంకుడు రసం గాని సబ్బుపొడి గాని కలిపి, ఉన్నిని అందులో మెల్లగా ముంచవలెను. ఇరవై నిమిషాలు కదపకుండా వదలవలెను. ఇక్కడ బట్టలు ఉతికినట్లు పిసికితే ఉన్ని అప్పుడే ముద్దకట్టిపోతుంది. తరువాత దేనికీ పనికిరాదు. కొళాయి ధార నేరుగా ఉన్ని మీద పడనీయకూడదు. జాడించే నీరు కూడా దరిదాపు అంతే వేడిగా ఉండవలెను. వేడినీటి నుండి తీసి వెంటనే చన్నీటిలో వేసినా ఉన్ని బిగుసుకుంటుంది.

దక్కనీ ఉన్నిలో జిడ్డు తక్కువ గనుక రెండు తడవలు కడిగితే చాలును. మెత్తని ఉన్నికి మూడు నాలుగు తడవలు కావలెను. కడిగిన ఉన్నిని పిండకుండా అరచేతులతో ఒత్తి నీరు తీసి, నీడలో ఈతచాప మీద పలుచగా పరచి ఆరబెట్టవలెను.

పింజడం

ఆరిన ఉన్నిని పాయపాయగా చేతితో విడదీసి మబ్బువలె తేలికగా చేయవలెను. దూదేకులవారి విల్లు దొరికే ఊళ్ళలో దానితో ఏకించుకుంటే పని త్వరగా అవుతుంది. దుమ్ము, బిరుసు వెంట్రుకలు కొంత రాలిపోతాయి. విల్లు లేనిచోట తీగపళ్ళు ఉన్న బ్రష్షులు రెండు తీసుకొని, ఒకదాని మీద ఉన్ని పెట్టి రెండవదానితో దువ్వవచ్చును. పోగులన్నీ ఒకే దిక్కుగా సాగిన పలుచని పొరలు తయారుకావలెను. ఇది ఓపికతో కూడిన పని. ఇక్కడ తొందరపడితే ఫెల్టులో చిల్లులు పడతాయి.

ఆసనం చేసే విధానం

కావలసినవి: శుభ్రపరచి పింజిన ఉన్ని 250 గ్రాములు, ఈతచాప గాని వెదురు తడిక గాని ఒకటి, పాత దోమతెర గుడ్డ రెండు ముక్కలు, రోకలి వంటి గుండ్రని కర్ర, తాళ్ళు, బట్టల సబ్బు, వేడినీళ్ళు. ఒక లీటరు వేడినీటిలో రెండు చెంచాల సబ్బు తురుము కరిగించి ఉంచుకొనవలెను.

మొదట చాప మీద దోమతెర ముక్క పరచవలెను. దాని మీద 60 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పుగల చతురస్రంలో ఉన్నిని నాలుగు పొరలుగా పేర్చవలెను. మొదటి పొరలో పోగులు నిలువుగా, రెండవ పొరలో అడ్డంగా, మూడవదానిలో నిలువుగా, నాలుగవదానిలో అడ్డంగా ఉండవలెను. పడుగు పేక లేని గుడ్డకు ఈ నిలువు అడ్డాలే బలం. అరచేతితో తడిమి చూచి పలుచగా తగిలినచోట మరికొంత ఉన్ని పెట్టవలెను. నల్ల ఉన్ని మీద తెల్ల ఉన్నితో గీతగాని పువ్వుగాని కావాలంటే పైపొరగా పలుచగా ఇప్పుడే అమర్చవలెను.

దాని మీద రెండవ దోమతెర ముక్క కప్పి, వేడి సబ్బునీటిని చిలకరిస్తూ అరచేతులతో మధ్య నుండి అంచులకు అణచవలెను. ఉన్ని పూర్తిగా తడవవలెను గాని, నీటిలో తేలకూడదు. తరువాత చేతికి సబ్బు రాసుకొని, మొదట ఒత్తకుండా, క్రమంగా బలం పెంచుతూ గుండ్రంగా రుద్దవలెను. పావుగంట రుద్దిన తరువాత తెర తీసి, వ్రేళ్ళతో ఉన్నిని గిల్లి చూడవలెను. పోగులు విడిగా పైకి లేస్తే మరికొంతసేపు రుద్దవలెను. మొత్తం పొర ఒక్కటిగా లేస్తే తరువాతి మెట్టుకు పోవచ్చును.

ఇప్పుడు తెర, ఉన్ని, చాప అన్నిటినీ కలిపి కర్ర చుట్టూ బిగువుగా చుట్టి తాళ్ళతో కట్టవలెను. ఇద్దరు ఎదురెదురుగా కూర్చొని, మోచేతుల కిందిభాగంతో ఒత్తుతూ ఆ చుట్టను ముందుకు వెనుకకు దొర్లించవలెను. నూరుసార్లు దొర్లించిన తరువాత విప్పి, ఉన్నిని పావువంతు తిప్పి మళ్ళీ చుట్టి దొర్లించవలెను. చుట్టినవైపే ఉన్ని ఎక్కువగా కుంచించుకుంటుంది గనుక నాలుగు వైపులా సమానంగా తిప్పకపోతే చతురస్రం కాస్తా వంకరపోతుంది. నీరు చల్లబడినప్పుడల్లా వేడి సబ్బునీరు చిలకరించవలెను. ముతక ఉన్నికి ఈ పని నాలుగుకు బదులు ఎనిమిది తడవలు పట్టినా నిరాశపడనవసరం లేదు.

చివరకు ఆసనం సుమారు 45 సెంటీమీటర్ల చతురస్రానికి తగ్గి, చేతికి దిట్టంగా తగులుతుంది. దానిని మడచి నేలకు పలుమార్లు కొట్టి, శుభ్రమైన నీటిలో సబ్బంతా పోయేవరకు జాడించవలెను. కడపటి నీటిలో ఒక చెంచా వెనిగరు గాని నిమ్మరసం గాని కలిపితే మిగిలిన సబ్బు పోయి ఉన్ని మన్నుతుంది. అంచులు లాగి సరిచేసి, నీడలో పరచి ఆరబెట్టవలెను.

పొరపాట్లు, సవరణలు

చిల్లులు పడితే, తడిగా ఉన్నప్పుడే పలుచని ఉన్నిపొరలు వేసి మళ్ళీ రుద్దవలెను. ఆరి గట్టిపడిన తరువాత కొత్త ఉన్ని సరిగా అతుక్కోదు. ఎంత రుద్దినా పోగులు విడివిడిగానే ఉంటే సబ్బు ఎక్కువై జారిపోతున్నదా, నీరు చల్లబడినదా చూడవలెను. రెండూ సరిగా ఉన్నా అతుక్కోకపోతే ఆ ఉన్నిలో వెంట్రుక పాలు ఎక్కువ. మెత్తని ఉన్ని కలిపి కొత్తగా మొదలుపెట్టడమే దారి. ఆరిన తరువాత పైకి లేచే బిరుసు వెంట్రుకలను కత్తెరతో కత్తిరించవచ్చును.

వాడకం, నిల్వ

ఉన్ని తన బరువులో దరిదాపు మూడవవంతు తేమను పీల్చుకొని కూడా తడిగా తోచదు. నిప్పు తగిలితే నూలువలె భగ్గున మండదు. కనుక చలికాలంలో బండనేల మీద కూర్చొనే ముసలివారికి, నేల మీద కూర్చొని చదువుకొనే పిల్లలకు ఈ ఆసనం మిక్కిలి హితం. వేడిగిన్నెల కింద పెట్టే చుట్టకుదురుకు బదులుగా చిన్న ముక్కలు చేసుకోవచ్చును. ఉన్నికి శత్రువు చిమ్మెట పురుగు. నెలకొకసారి ఎండలో వేసి దులపవలెను. దాచేటప్పుడు ఎండిన వేపాకు వేసి గుడ్డసంచిలో పెట్టవలెను. ప్లాస్టిక్ సంచిలో చెమ్మ పట్టి బూజు వస్తుంది. ఉతకవలసివస్తే చన్నీళ్ళే వాడవలెను.

మందకు కలిగే మేలు

ఇంటి ఫెల్టుతో పెద్ద రాబడి వస్తుందని ఆశపెట్టడం సరికాదు. ఒక ఆసనానికి ఇద్దరి పూట శ్రమ పడుతుంది. అయినా ఈ పని వెనుక ఇంటి అవసరాన్ని మించిన విషయమొకటి ఉన్నది.

నేడు గొర్రెకు ధర పలికేది మాంసాన్ని బట్టియే. అందుచేత కాపరులు నల్ల గొర్రెల మందలో నెల్లూరు పొట్టేళ్ళను కలుపుతున్నారు. పుట్టే పిల్లలకు ఒళ్ళు త్వరగా వస్తుంది గాని ఉన్ని తగ్గిపోతుంది. తెలంగాణలో 2017లో 75 శాతం రాయితీతో కుటుంబానికి 20 ఆడగొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచే పథకం మొదలైనప్పుడు కూడా చూపు మాంసం మీదనే గాని ఉన్ని మీద లేదు. రాళ్ళనేలలో, తక్కువ మేతతో, రోజుల తరబడి నడిచి బ్రతకగలిగిన దక్కనీ గొర్రె ఇట్లా మెల్లగా మందలలో పలచబడుతున్నది. బీరప్ప పూజలో పరచే గొంగడి మాత్రం ఇప్పటికీ ఆ నల్ల ఉన్నిదే కావలెను.

రాజస్థానులోని అవికానగర్‌లో 1962లో స్థాపించిన కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ, దానికి అనుబంధంగా తమిళనాడులోని కొడైకెనాల్ వద్ద మన్నవనూరులో ఉన్న ప్రాంతీయ కేంద్రం ఉన్ని విషయంలో పనిచేస్తున్నాయి. జోధ్‌పూరులో కేంద్ర ఉన్ని అభివృద్ధి మండలి ఉన్నది. కాని ఒక జాతి మందలో నిలవడం కాపరి లెక్కను బట్టి ఉంటుంది. కత్తిరింపు కూలి గిట్టుబాటు అయినా చాలు, నల్ల పొట్టేలును అమ్మివేయకుండా ఉంచుకొనే కాపరులు ఇంకా ఉన్నారు.

కనుక ఈసారి ఊరి మందకు కత్తెర పడే రోజున రెండు మూడు కుటుంబాలు కలిసి వెళ్ళి, వీపు ఉన్నిని విడిగా తీయించి, ధర కట్టి తెచ్చుకొనవలెను. మొదటి ఆసనం వంకరగా వచ్చినా వాడకానికి లోటుండదు. రెండవది తిన్నగా వస్తుంది. తరువాతి కోతకు ఎంత ఉన్ని కావలెనో ఆ రోజే కాపరితో చెప్పి రావడం మరువరాదు.